జనం గాడి తప్పితే ఊరి జట్టుకు పాయింటు కోయాలా?

కావలి వాసి:
ముందు జరిగింది చెప్తా. సంక్రాంతికి మా ఊళ్ళో వాలీబాల్ పోటీలు పెట్టారు. నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల జట్లూ వచ్చాయి. సెమీస్ ఐదో సెట్టు, చెరి 13. కనిగిరి వైపు జట్టు కొట్టిన స్మాష్ గీత అవతల పడింది, రిఫరీ మాకు పాయింటిచ్చాడు. నెట్ దగ్గర బంతిని అడ్డుకునే మా బ్లాకర్ చెయ్యెత్తి, చిటికెన వేలు చూపించి "తగిలింది సార్" అన్నాడు. మా చేతికి తగిలి బయట పడింది కాబట్టి పాయింటు వాళ్ళకి పోయింది, కాసేపటికి మ్యాచ్ కూడా పోయింది. ఇక మా జనం వాటర్ ప్యాకెట్లు కోర్టులోకి విసిరారు. "ప్రకాశపోళ్ళు పొండి" అని అరిచారు. ఆ పిల్లోణ్ణి వాళ్ళ నాన్న ముందరే బూతులు తిట్టారు.

ఇట్టా చేస్తే ఊరి జట్టుకే పాయింటు కోయాలంటాను నేను. తమ జట్టుకు దెబ్బ తగులుద్దని తెలిస్తేనే జనం నోరు అదుపులో పెట్టుకుంటారు. మీరేమంటారు?

కనిగిరి ప్లేయర్:
అన్నా, మేం తిట్లు పడ్డోళ్ళమే, అయినా కోతకి ఒప్పుకోను. ఆడేది ఆరుగురు, అరిచేది ఊరంతా. నిజం ఒప్పుకున్న ఆ బ్లాకర్ జట్టుకే మళ్ళీ శిక్ష వేస్తారా? పైగా ఎగస్పార్టీ వాళ్ళు నలుగురు కుర్రాళ్ళని మీ జనంలో కూర్చోబెట్టి తిట్టిస్తే పాయింటు ఎవరికి పోవాలి?

ఇంకో మాట. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లావే. మా తాతలు నెల్లూరోళ్ళే. పొమ్మంటే యాడికి పోవాలి?

పీఈటీ మాస్టారు, ఒంగోలు:
రూల్ పుస్తకంలో అట్టాంటి కోత లేదు. పసుపు, ఎర్ర కార్డులు ఆటగాళ్ళకీ, కోచ్‌లకీ తప్ప చూసేవాళ్ళకి వర్తించవు. ఆట మధ్యలో బయటి వస్తువు కోర్టులో పడితే ఆపి, ఆ ర్యాలీ, అంటే ఆ సర్వీస్ నుంచి సాగిన ఆట, మళ్ళీ ఆడిస్తారు. అల్లరి ముదిరి ఆట సాగకపోతే ఏం చేయాలో రిఫరీ, నిర్వాహకులు కలిసి తేలుస్తారు. అంటే ఆట ఆపే అధికారం ఉంది. మన టోర్నీల్లో వాడే ధైర్యం లేదు, అంతే.

అసలు గొడవ చోటు దగ్గర మొదలవుద్ది. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు కోర్టు చుట్టూ కనీసం 3 మీటర్లు ఖాళీ ఉండాలి. మన ఊళ్ళలో గీత మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. రిఫరీ ఈల వేశాక 8 సెకన్లలో సర్వీస్ చేయాలి. సర్వీస్ చేసే కుర్రాడికి వెనక్కి రెండడుగులు వేసే చోటుండదు, చెవి పక్కనే తల్లిని తిడుతుంటారు. ముందు తాడు కట్టండి. డప్పులు కొట్టుకోండి, మనోళ్ళ పేర్లు గొంతు చించుకుని అరవండి. ఈలలు మాత్రం వద్దు, రిఫరీ ఈల అనుకుని పిలకాయలు ఆడేది ఆపేస్తారు.

ఇక ఆ బ్లాకర్. తమ జట్టు తప్పును కప్పిపుచ్చకూడదని రూల్ పుస్తకమే చెప్తోంది. బంతి తగిలిందని తనంతట తాను ఒప్పుకున్న ఆటగాడికి గ్రీన్ కార్డు చూపించి మెచ్చుకోవడం 2023లో నేషన్స్ లీగ్ అనే అంతర్జాతీయ వాలీబాల్ టోర్నీలో మొదలుపెట్టారు. అట్టాంటి పిల్లోడు మీ ఊళ్ళో పుట్టాడు. భుజాన ఎత్తుకోవాల్సిన వాణ్ణి తిట్టారు. నాకు కడుపు రగిలిపోతోంది.

నెల్లూరమ్మాయి:
నేను కాలేజీ జట్టులో ఆడాను. అమ్మాయిల మ్యాచ్‌లో అరుపులు ఆట మీద ఉండవు, మా నిక్కర్ల మీద ఉంటాయి. అవి విన్న నాన్నలు మరుసటి ఏడు పిల్లల్ని పంపరు. తాడు కడితే ఆ మాటలు 3 మీటర్ల అవతల నుంచి వినపడతాయి, అంతేగా మాస్టారూ? పాయింటు పోద్దనే భయం లేకపోతే కమిటీ కుర్చీలోంచి లేవదు. నేను కోతకే ఓటు.

కందుకూరు:
పందేల సంగతి ఎవరూ ఎత్తరేం? డబ్బు కాసినోడికి ఆ కుర్రాడి నిజాయితీ తన జేబు కొట్టినట్టే ఉంటుంది. ముందు వాళ్ళని గ్రౌండ్ బయట పెట్టండి.

పీఈటీ మాస్టారు, ఒంగోలు:
అమ్మా, నీ మాట నిజం. అమ్మాయిల మ్యాచ్‌లో మొదటి కూతకే ఆట ఆపాలి, అన్నవాణ్ణి బయటికి పంపాకే మళ్ళీ సర్వీస్. పంపాల్సింది ఊరి జట్టు కెప్టెన్, కమిటీ పెద్ద ఇద్దరూ కలిసి. పరాయివాడు చెప్తే కొట్లాట అవుద్ది, తమ కెప్టెన్ చెప్తే వింటారు. పాయింటు కోతకి మాత్రం నేను ఇప్పటికీ వ్యతిరేకమే.

కావలి వాసి:
కెప్టెన్ చెప్పినా వినకపోతే? ఆ రోజు మా కెప్టెన్ చేతులు జోడించాడు మాస్టారూ, ఎవరూ వినలేదు. అందుకే కోత అంటున్నా. ఉగాది తర్వాత కమిటీ కూర్చుంటుంది, రెండు మాటలూ అక్కడ పెడతా. తాడు, గుంజల ఖర్చు నాది. పందేల గురించి మాట్లాడటానికి కందుకూరు అన్న కూడా రావాలి.