మేత కోత యంత్రం కొనాలా, అద్దెకు పిలవాలా? వాడినవారి అనుభవం తెలుపగలరు

ప్రశ్న – పాడిరైతు

అందరికీ నమస్కారం. మాకు 18 పాడి పశువులు ఉన్నాయి. 5 ఎకరాల్లో మొక్కజొన్న, ఎకరంన్నరలో సూపర్ నేపియర్ అనే పశుగ్రాసం వేస్తున్నాము. ఇంతకాలం కొడవళ్లతో కోయించి, మోపులు కట్టి కొట్టం దగ్గరికి చేర్చి, చాఫ్ కట్టర్‌లో ముక్కలు చేసి మాగుడు గడ్డి (గాలి తగలకుండా గుంతలో అణచి మాగబెట్టే మేత, సైలేజ్) వేసుకుంటూ వచ్చాము. ఇప్పుడు కోతకు మనుషులు దొరకడం గగనమైపోయింది. నిరుడు కోత మొదలుపెట్టిన రోజు నుంచి గుంత మూసే నాటికి 11 రోజులు పట్టింది. దానివల్ల మొదట కోసిన చేను ఇంకా పాలగింజ మీద ఉండగానే, చివర కోసినది ఆకులు ఎండిపోయాక గుంతలోకి చేరాయి. గుంత తెరిచినప్పుడు పైన మూరెడు మందాన బూజు పట్టిన గడ్డిని పారబోయవలసి వచ్చింది. ఆరుగాలం పెంచిన పంట అలా పోతుంటే కడుపు తరుక్కుపోయింది.

మా దగ్గర 45 హెచ్‌పీ ట్రాక్టరు ఉంది. దానికి ఒక సాలు కోసే ఫోరేజ్ హార్వెస్టర్ (మేతను కోసి, ముక్కలు చేసి ట్రాలీలో పోసే యంత్రం) తగిలించుకోవచ్చా? దాని పోషణ ఎంత కష్టం? అదే యంత్రంతో నేపియర్ కూడా కోయవచ్చా? వాడినవారు దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సమాధానం 1 – సాలుకోత

నేను ఒక సాలు యంత్రాన్ని ఆరు పంటలుగా వాడుతున్నానండీ. 45 హెచ్‌పీ అంటే ఇంజన్ బలం. పీటీఓ (ట్రాక్టరు వెనక నుంచి యంత్రాన్ని తిప్పే ఇరుసు) దగ్గరికి వచ్చేసరికి అందులో పదో వంతుకు పైగా తగ్గుతుంది. అయినా పీటీఓ వేగాన్ని నిమిషానికి 540 చుట్ల దగ్గర నిలకడగా ఉంచి, దట్టమైన చేనులో చిన్న గేరులో నడిపితే పని జరుగుతుంది. యంత్రం ట్రాక్టరుకు పక్కన వేలాడుతుంది కాబట్టి ట్రాక్టరు కోసిన సాళ్ల మీదే నడవాలి. అందుకని చేను అంచున మొదటి కొన్ని సాళ్లను, మలుపు తిరిగే చోటును ముందుగా చేత్తో కోయించుకోక తప్పదు. ఈ సంగతి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు, మొదటి రోజే రెండు సాళ్లు చక్రాల కింద నలిగిపోయాయి.

పోషణ గురించి అడిగారు. అందులో ముక్కాలు వంతు కత్తుల పదునే. మొదటి ఏడాది నేను వారం పాటు సాన పట్టకుండా నడిపాను. ట్రాక్టరు మూలగడం, డీజిల్ ఎక్కువ తాగడం, గొట్టం నుంచి మేత ట్రాలీ వెనక గోడ దాకా విసరలేకపోవడం గమనించాను గాని, తేమ ఎక్కువై అలా జరుగుతోందని అనుకున్నాను. చివరకు ఒక పిడికెడు మేత తీసి చూస్తే, కాండం ముక్కల అంచులు తెగినట్టు లేవు, నమిలి ఉమ్మిన చెరకు పిప్పిలా పీచులు వేలాడుతున్నాయి. పదునున్న కత్తి కోసిన ముక్క అంచు నున్నగా, నాణెం అంచులా ఉంటుంది. అప్పటి నుంచి నేను ప్రతి పూటా రెండు మూడు ట్రాలీలకు ఒకసారి ట్రాలీలో చెయ్యి పెట్టి ముక్కలు చూస్తాను.

సాన పట్టడానికీ ఒక వరుస ఉంది. ముందు కత్తులకు పదును పెట్టాలి, ఆ తరువాతే ఎదురుగా కదలకుండా ఉండే కోత పట్టీని కత్తుల దగ్గరికి జరపాలి. సాన వల్ల కత్తి కొంత అరుగుతుంది కాబట్టి, పట్టీని జరపకపోతే పదును ఉన్నా ముక్క తెగదు. నేను ఇంజన్ ఆపి కత్తులు బిగించిన డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక్కొక్క కత్తి దగ్గర ఆ సందును చూస్తాను. మందపాటి కాగితం పట్టేంత ఉంటే చాలు, ఎక్కడా తగలకూడదు. అన్ని కత్తుల దగ్గరా సందు ఒకేలా లేకపోతే ఏదో ఒక బోల్టు వదులైందని అర్థం.

కోతకు ముందు చేనంతా ఒకసారి నడిచి చూడండి. పందిరికి పాతిన ఇనుప చువ్వ ఒకటి లోపలికి వెళ్లి నావి రెండు కత్తులు విరిగాయి. పెద్ద యంత్రాల్లో ఇనుమును పసిగట్టి ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది గాని, ఒక సాలు వాటిలో సాధారణంగా ఉండదు.

సమాధానం 2 – పచ్చమేత

నేపియర్ విషయంలో నా అనుభవం చెబుతాను. నేను వాడేది ఫ్లెయిల్ రకం. ఇది గడ్డిని కత్తితో తరగకుండా, తిరిగే సుత్తుల వంటి పలకలతో కొట్టి తెంపుతుంది. సాళ్లతో పని లేదు, చిక్కుపడి పడిపోయిన గడ్డిని కూడా ఎత్తుకుంటుంది, చెడిపోయే భాగాలు తక్కువ. రోజూ పచ్చిగా వేయడానికి ఇంతకంటే సులువైనది లేదు. కాని ముక్కలు ఒక పొడవున రావు. వేలెడు ముక్కల మధ్య జానెడువీ వస్తాయి. అటువంటిది గుంతలో సరిగా అణగదు, గాలి మిగిలిపోతుంది. ఎత్తు మరీ తగ్గించి నడిపితే మట్టినీ పీల్చుకుంటుంది, ఆ మట్టితో పాటు మాగుడును పాడుచేసే సూక్ష్మజీవులూ గుంతలోకి వస్తాయి. నేను నేల నుంచి జానెడు వదిలి కోస్తాను.

నేపియర్‌ను మాగేయాలనుకుంటే ఇంకో చిక్కు ఉంది. అది కోసిన వెంటనే నీరు ఎక్కువగా ఉంటుంది, ఒక పూట వాడ్చకపోతే గుంత అడుగున రసం కారిపోతుంది. కోసి, ముక్కలు చేసి, ట్రాలీలో పోసే యంత్రం వాడితే మధ్యలో వాడ్చే అవకాశమే ఉండదు. కాబట్టి మీ నేపియర్‌ను పచ్చిమేతకు ఉంచుకుని, మొక్కజొన్నను మాత్రమే మాగేయడం మేలని నా అభిప్రాయం.

సమాధానం 3 – గుంతమనిషి

సాలుకోత గారు చెప్పినదంతా సరైనదే గాని, పాడిరైతు గారికి బూజు పట్టడానికి కారణం కోత ఆలస్యంతో పాటు గుంత దగ్గరి పని కూడా అయి ఉంటుంది. యంత్రం వేగం పెరిగేకొద్దీ గుంతలో మేతను ట్రాక్టరుతో తొక్కి అణచే పని వెనకబడుతుంది. మేము పాటించే లెక్క ఒకటుంది: గంటకు 10 టన్నుల మేత గుంతకు వస్తుంటే దానిని అణచడానికి కనీసం 4 టన్నుల బరువు ఆగకుండా తిరుగుతూ ఉండాలి. పొర అర అడుగు మందం మించకూడదు. ఉన్న ఒక్క ట్రాక్టరునూ కోతకు పంపితే తొక్కేది ఎవరు? ముందు దానికి జవాబు చూసుకోండి.

రెండవది అదను. కంకిని మధ్యకు విరిచి గింజను చూస్తే పై నుంచి గట్టిపడిన పిండి, కింద పాలు, వాటి మధ్య ఒక గీత కనిపిస్తాయి. ఆ గీత సగం దాటి మూడింట రెండు వంతుల దాకా దిగే మధ్యలో కోత జరగాలి. అప్పుడు మొత్తం మొక్కలో తేమ 65 నుంచి 70 శాతం ఉంటుంది. ముక్కలు చేసిన మేతను పిడికిట్లో నిమిషం సేపు గట్టిగా పిండి వదలండి. రసం కారితే తొందరపడ్డారు, ముద్ద మెల్లగా విచ్చుకుంటే సమయం సరైనది, వెంటనే పొడిగా విడిపోతే ఆలస్యమైంది.

ఒక సాలు యంత్రాల్లో గింజ నలిపే రోలర్లు ఉండవు కాబట్టి ముక్క పొడవును 10 మిల్లీమీటర్ల దగ్గర పెట్టండి. లీటరు పాత్ర నిండా మేత తీసుకుని ఏరితే పగలని గింజలు రెండు మూడు మించకూడదు. అంతకు మించితే ఆ గింజలు పేడలో కనిపిస్తాయి.

సమాధానం 4 – కొట్టంకాపరి

ఒక్క మాట చెప్పాలి. పీటీఓ ఆపినా డ్రమ్ము బరువు వల్ల కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. మా అన్నయ్య గొట్టంలో ఇరుక్కున్న మేతను లాగబోయి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. పీటీఓ ఆపింది కూడా ఆయనే, యంత్రం ఆగిపోయిందనుకున్నాడు. మేత ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, డ్రమ్ము కదలడం లేదని కంటితో చూశాకే మూత తీయండి. పీటీఓ షాఫ్టుకు ప్లాస్టిక్ తొడుగు లేకుండా ఒక్క రోజు కూడా నడపకండి.

పాడిరైతు

అందరికీ కృతజ్ఞతలు. తొక్కడానికి రెండో ట్రాక్టరు కావాలన్న సంగతి నాకు తట్టనే లేదు. ఈసారికి కోతను అద్దె యంత్రానికి అప్పగించి, మా ట్రాక్టరును గుంత మీద ఉంచుతాను. అయితే అద్దెకు వచ్చేవారు చాలా చేలు తిరిగి వస్తారు కదా, కత్తుల పదును గురించి వారిని ఎలా అడగాలి?

సాలుకోత

అడగడం కన్నా చూడడం మంచిదండీ. మొదటి ట్రాలీలో సగం నిండగానే ఆపమని చెప్పి, పిడికెడు తీసి అంచులు చూడండి. పీచులు వేలాడుతుంటే సాన పట్టాకే మిగతా చేను కోయమనండి. పని తెలిసినవారు ఆ మాటకు నొచ్చుకోరు.