సంక్రాంతికి ఊరెళ్తున్నాం, ఇంటికి ఏ లాక్ వేయించాలి?

అందరికీ నమస్తే అండి. మాది వనస్థలిపురంలో ఇండిపెండెంట్ ఇల్లు, కింద మేముంటాం, పైన పోర్షన్ ఖాళీ. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్దామంటే అమ్మకి నిద్ర పట్టట్లేదు, ఎందుకంటే పోయిన నెల మా వెనక వీధిలో తాళం వేసిన ఇంట్లో దొంగలు పడ్డారు, నేను వెళ్లి చూశా, తాళంకప్ప అలాగే ఉంది, గొళ్ళేన్నే రాడ్డు పెట్టి స్క్రూలతో సహా పీకేశారు, తలుపు చెక్క చీలిపోయింది. మా తలుపుకీ అలాంటి పాత గొళ్ళెమే.

ఊరెళ్లేముందు స్టేషన్‌లో చెప్పమని పోలీసులు ఏటా అంటారు, చెప్తాం, బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టేస్తాం, పాలు పేపర్ ఆపిస్తాం. నా డౌట్ తలుపు గురించే. గొళ్ళెం తీసేసి తలుపులోనే బిగించే లాక్ వేయిస్తే సరిపోతుందా, బయట గ్రిల్ గేటు కూడా కావాలా?

కెమెరా వైఫైది కొంటే కరెంటు పోగానే రౌటర్ ఆగిపోతుంది కదా, మాకు ఇన్వర్టర్ లేదు, సిమ్ వేసే 4జీ బ్యాటరీ కెమెరా పది రోజులు వస్తుందా? వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్. అలాగే వరండా లైటు పగలూ వెలుగుతుంటే ఎవరూ లేరని ఇట్టే తెలిసిపోతుంది, టైమర్ పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?