శాంక్షన్ అంటే మంజూరా, ఆంక్షా? ఎవరైనా చెప్పండి

ఆమదాలవలస కుర్రాడు:
అన్నలూ ఒక డౌటు. బ్యాంక్ ఎగ్జామ్స్‌కి శ్రీకాకుళంలో రూమ్ తీసుకుని చదువుతున్నాను, వొకాబులరీ కోసం ఇంగ్లీష్ పేపర్ తిరగేస్తన్నాను. మా ఊర్లో శాంక్షన్ అంటే ముసలోళ్లకి కూడా తెల్సు, ఇల్లు శాంక్షనైంది, పింఛను శాంక్షనవ్వలేదు అంటారు కదా. మరి పేపర్లో రష్యా మీద అమెరికా శాంక్షన్స్ అని రాస్తారేటి? మంజూరు చేసిందా, వాయించిందా?

చీపురుపల్లి మాస్టారు:
వాయించిందే బాబూ. రెండర్థాలూ నిజమే, పైగా ఒకదానికొకటి ఉల్టా. లాటిన్లో ఒకదాన్ని పవిత్రం చేసి ఎవరూ మీరకుండా కట్టుదిట్టం చెయ్యడం అనే మాట నుంచి వచ్చింది, సెయింట్ కూడా దాని చుట్టమే. చట్టం నిలబడాలంటే పైవాడు సరేనని ముద్ర వెయ్యాలి, మీరినోడికి శిక్ష కూడా ఉండాలి కదా, ఆ రెండిటికీ ఒకటే మాట అంటుకుపోయింది. చివర ఎస్ ఉండి, పక్కన ఆన్ గానీ అగెయిన్‌స్ట్ గానీ వచ్చి, ఆ తర్వాత దేశం పేరుంటే ఆంక్షలే అనుకో. 1998లో మనం పోఖ్రాన్‌లో అణుపరీక్షలు చేసినప్పుడు అమెరికా మన మీద పెట్టినవి ఇవే. పెడితే ఇంపోజ్, ఎత్తేస్తే లిఫ్ట్, ఈ రెండూ దానితో కలిపే నేర్చుకో.

బొబ్బిలి లాయర్:
మాస్టారూ, మా కోర్టు వాడుక కూడా చెప్పాలి, పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు. శాంక్షన్ ఫర్ ప్రాసిక్యూషన్ అని ఉంటే కేసు మాట వచ్చింది కదా శిక్షేమో అనుకుంటారు, కాదు, డ్యూటీలో చేసిన పనికి ప్రభుత్వోద్యోగి మీద కేసు నడపడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి అది. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 197 సెక్షను, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 218.

ఆమదాలవలస కుర్రాడు:
థాంక్స్ సార్. మరి వెర్బ్‌గా వస్తే ఎస్ ఉండదు కదా మాస్టారూ, ఎలా పట్టుకోవాలి?

చీపురుపల్లి మాస్టారు:
శాంక్షన్డ్ తర్వాత ఏటుందో చూడు. డబ్బో, ప్లానో, సెలవో అయితే మంజూరు. కంపెనీనో దేశాన్నో అయితే చాలావరకు ఆంక్ష, అయినా ముందు లైను చదవకుండా ఆప్షన్ పెట్టకు. ఇంకోటి, నువ్వు ఉద్యోగాలకి చదువుతున్నావు కాబట్టి చెప్తున్నాను, శాంక్షన్డ్ పోస్టులు అని పెద్ద నంబరు కనిపిస్తే అవన్నీ ఖాళీలనుకుని సంబరపడిపోకు, ఇప్పటికే భర్తీ అయినవి కూడా అందులోనే ఉంటాయి, ఖాళీలకి వేకెన్సీ అని వేరే కాలమ్ ఉంటాది, అది చూస్కో.