వైన్ తాగిన కాసేపటికే ఆయాసం, విస్కీ తాగితే రాత్రి దగ్గు: ఈ తేడా ఎందుకు?

ప్రశ్న

నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. రోజూ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నందువల్ల మామూలుగా పెద్ద ఇబ్బంది లేదు. మద్యం ఎప్పుడో విందుల్లో తప్ప ముట్టను. అయితే వైన్ తాగిన ప్రతిసారీ అరగంట తిరక్కముందే ముక్కు దిబ్బడ వేసి, ఛాతీ పట్టేసినట్లయి, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తున్నాయి. విస్కీతో అప్పటికప్పుడు ఏమీ కాదు గాని, ఆ రాత్రి దగ్గుతో మెలకువ వస్తుంది. రెండూ మద్యమే కదా, మరి ఈ తేడా ఎందుకు? మానేయడానికి నాకు అభ్యంతరం లేదు, కారణం తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మొదటి జవాబు

మీ రెండు ఇబ్బందులకూ కారణాలు వేరై ఉండవచ్చు. ముందు వైన్ సంగతి చూద్దాం. ద్రాక్షరసం పులిసేటప్పుడు సల్ఫైట్లు కొంత సహజంగానే పుడతాయి. చెడిపోకుండా ఉండేందుకు తయారీదారులు మరికొంత కలుపుతారు. వీటి నుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు, మింగేటప్పుడు శ్వాసనాళాల్లోకి చేరి, అది పడనివారిలో ఆ నాళాలు ముడుచుకునేలా చేస్తుంది. ఉబ్బసం ఉన్నవారందరికీ ఇలా జరగదు; 100 మందిలో సుమారు 3 నుంచి 10 మందికి సల్ఫైట్లు పడవని అంచనా. అమెరికాలోనూ ఐరోపా సమాఖ్యలోనూ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఆ సంగతి సీసాపై ముద్రించాలన్న నిబంధన ఉన్నది ఇందుకే.

రెండో అనుమానం, అలర్జీ లక్షణాలు కలిగించే హిస్టమిన్ అనే రసాయనం మీద. ఇది ఎర్ర వైన్‌లో ఎక్కువ, సల్ఫైట్లు సాధారణంగా తెల్ల వైన్‌లో ఎక్కువ. పైగా హిస్టమిన్‌ను శరీరంలో విరిచే ఎంజైమ్ పనిని మద్యం మందగింపజేస్తుంది. మీరు ఏ వైన్ తాగారో రాయలేదు, అది తెలిస్తే కొంత స్పష్టత వస్తుంది. ఎండబెట్టిన పండ్లు, సీసాల్లో నిల్వ ఉంచిన నిమ్మరసం వంటివి తీసుకున్నప్పుడు కూడా ఆయాసం వస్తుంటే సల్ఫైట్లనే ముందుగా అనుమానించాలి. విస్కీ బట్టీలో మరిగించి, ఆవిరిని చల్లార్చి తీసినది కాబట్టి అందులో ఇవి చాలా తక్కువ.

రెండో జవాబు

నాదొక ప్రశ్న. మీకు ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండలు) పెరిగాయా? ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకున్నాక ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా? ఉబ్బసంతో పాటు ఈ రెండూ ఉన్నవారిలో ఎక్కువమందికి ఏ రకం మద్యమైనా, కొద్దిగా తాగినా, ముక్కు మూసుకుపోయి ఆయాసం వస్తుంది. నేను ఆ కోవకు చెందినవాణ్ణే. నాకు నాలుగు గుక్కల బీరు చాలు. విస్కీ మీకు వెంటనే ఇబ్బంది పెట్టడం లేదు కాబట్టి మీది ఇది కాకపోవచ్చు, అయినా డాక్టరు గారికి తప్పక చెప్పండి. ఎందుకంటే తాగిన మర్నాడు తలనొప్పికి ఆలోచించకుండా మింగే మాత్ర, ఇలాంటివారికి మద్యం కన్నా ప్రమాదకరం.

మూడో జవాబు

రాత్రి దగ్గు గురించి ఎవరూ చెప్పలేదు. అన్నవాహిక అడుగున, జీర్ణాశయంలోని ఆమ్లం పైకి తన్నకుండా ఆపే కండరవలయం ఒకటి ఉంటుంది. మద్యం దాన్ని సడలిస్తుంది. కడుపునిండా తిని, తాగి, వెంటనే పడుకుంటే ఆమ్లం గొంతు దాకా వచ్చి శ్వాసనాళాలను రేపుతుంది. పుల్లటి త్రేన్పులు, ఉదయం గొంతు బొంగురు ఉంటే ఇదే కావచ్చు. విందులో పక్కవారి సిగరెట్ పొగ పాత్ర ఎంతో కూడా చూసుకోండి, దాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు.

ఇంకో మాట: తాగినరోజు మందులు వాడకూడదని రాత్రి ఇన్‌హేలర్ మానేసేవారు ఎంతోమంది ఉన్నారు. అది పొరపాటు. పీల్చే స్టెరాయిడ్‌కీ, ఆయాసం వచ్చినప్పుడు ఉపశమనానికి పీల్చే సాల్బుటమాల్‌కీ మద్యంతో చెప్పుకోదగ్గ పేచీ లేదు. శ్వాసనాళాలను వదులు చేసే థియోఫిలిన్ మాత్రల విషయం వేరు. మద్యం వల్ల అది రక్తంలో పేరుకుపోవచ్చు. మగత కలిగించే అలర్జీ మాత్రలు కూడా మద్యంతో కలిస్తే ప్రమాదమే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నేను తాగినది ఎక్కువగా ఎర్ర వైనే. పాలిప్స్ లేవు, నొప్పి మాత్రలు, ఎండు పండ్లు పడుతున్నాయి. త్రేన్పుల మాట మాత్రం నిజమే. సల్ఫైట్లు కలపని వైన్ తెచ్చి ఇంట్లోనే పరీక్షించుకోవచ్చా?

మొదటి జవాబు రాసినవారు

వద్దండి. కలపకపోయినా సహజంగా పుట్టినవి ఉంటాయి, హిస్టమిన్ ఎటూ పోదు. అవసరమైతే ఆ పరీక్ష అత్యవసర చికిత్స అందుబాటులో ఉన్న ఆసుపత్రిలో, వైద్యుల ఎదుట చేయించుకోవాలి. ఈలోపు వైన్ మానేసి, ఏం తాగారు, ఎంతసేపటికి ఏమైంది అన్నది రాసిపెట్టుకుని డాక్టరు గారికి చూపించండి. త్రేన్పుల సంగతీ చెప్పండి. ఎప్పుడైనా ఆయాసం మొదలైతే గ్లాసు పక్కన పెట్టి, నిటారుగా కూర్చుని ఉపశమన ఇన్‌హేలర్ తీసుకోండి. మాట పూర్తిచేయలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఇన్‌హేలర్ పనిచేయకపోయినా ఆలస్యం చేయకుండా అంబులెన్స్‌ను పిలవాలి.