అమెరికా యువ మాజీ సైనికుల ఆత్మహత్యలు: అవగాహన సభలో ఏం చెప్పాలి?

ప్రశ్న: తెలుగు సంఘంలో అరగంట సభ. తల్లిదండ్రులొస్తారు. అంకెలు చెబితే సరిపోతుందా?

జవాబు 1: అంకెలకు నిమిషం చాలు. 18–34 ఏళ్లవాళ్లలో రేటు ఎక్కువ, సైన్యం వదిలిన మొదటి ఏడాది మరీ గండం. సాయానికి 988 హెల్ప్‌లైన్‌కి కాల్ చేసి, మాజీ సైనికుల లైను కోసం 1 నొక్కాలి. నొక్కకపోతే మామూలు లైనుకి పోతుంది. మెసేజ్‌కి 838255. సభలోనే సేవ్ చేయించండి.

జవాబు 2: తుపాకీ మాట దాటేయకండి, మనవాళ్లు మొహమాటపడేది అక్కడే. చచ్చిపోవాలన్న ఉధృతి చాలాసార్లు కాసేపటికి తగ్గుతుంది. తుపాకీ, తూటాలు వేర్వేరుగా తాళంలో ఉంటే ఆ గడువు దొరుకుతుంది. తుపాకీకి వేసే కేబుల్ తాళాలు వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) ఉచితంగానే ఇస్తుంది.

ప్రశ్న: "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదాండీ?

జవాబు 1: కాదండీ, అడగాల్సిందే. అవునంటే ఒంటరిగా వదలొద్దు. 2023 జనవరి నుంచి, అర్హులైతే వీఏలో నమోదు లేకున్నా అత్యవసర చికిత్స ఉచితం: ఆసుపత్రిలో 30 రోజులు, ఆసుపత్రిలో చేరకుండా అయితే 90 రోజుల దాకా.