స్పానిష్‌లో మాట ఇవ్వడం, తప్పడం ఎలా చెప్తారు?

ప్రశ్న:
ప్రొమెతెర్ (మాట ఇవ్వడం) అనే క్రియ తెలుసు గానీ దాని తర్వాత ఏం పెట్టాలో తెలీక అక్కడే ఆగిపోతున్నాను. "ఫోన్ చేస్తాను, ప్రామిస్" అనాలంటే మధ్యలో కె (మన "అని" లాంటిది) పెట్టాలా, పెడితే సబ్‌జంక్టివ్ (కోరికలు, సందేహాలు చెప్పే క్రియారూపం) వస్తుందా? ఎవరైనా మాట తప్పితే ఏమంటారు?

జవాబు 1:
రెండు రకాలుగానూ చెప్పొచ్చండి. మాట ఇచ్చేదీ పని చేసేదీ ఒకరే అయితే నేరుగా ఇన్ఫినిటివ్ ("చేయడం" లాంటి మూల క్రియారూపం) పెట్టేయండి: ప్రొమేతో యామార్తె. మధ్యలో "దె", "ఆ" అనే చిన్న పదాలేవీ వద్దు. కె పెడితే భవిష్యత్ కాలం వస్తుంది: తె ప్రొమేతో కె తె యామారే. సబ్‌జంక్టివ్ అక్కర్లేదు, ఎందుకంటే ఇక్కడ మీరు కోరుకోవడం లేదు, జరుగుతుందని గట్టిగా చెప్తున్నారు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది గతంలో ఇచ్చిన మాట దగ్గర. "వస్తానని మాటిచ్చాడు" అంటాం కదా, అతను అన్న "వస్తాను" మన వాక్యంలో అలాగే ఉండిపోతుంది, స్పానిష్‌లో అది "అతను"కి మారి కండిషనల్ (ఇంగ్లీషు "వుడ్" లాంటి రూపం) అవుతుంది: మె ప్రొమెతియో కె బెంద్రీయా. దీన్ని ఎంత ప్రాక్టీస్ చేస్తే అంత మంచిది.

జవాబు 2:
మాట నిలబెట్టుకోవడానికి కుంప్లిర్ ఊనా ప్రొమేసా. ఇంగ్లీషులో కీప్ ఉంది కదా అని గ్వార్దార్ వాడకండి, అది రహస్యం దాచడానికి. తప్పడానికి రొంపెర్ ఊనా ప్రొమేసా, లేదా ఫాల్తార్ ఆ సు పాలాబ్రా. లో ప్రొమెతీదో ఎస్ దేఉదా అనే సామెత కూడా నేర్చుకోండి, ఇస్తానన్నది అప్పుతో సమానం అని. ఒప్పుకున్నది తెచ్చి చేతిలో పెట్టేటప్పుడు బాగా వాడతారు.

జవాబు 3:
తె లో హూరో అంటే ఒట్టేసి చెప్తున్నా అన్నట్టు, స్నేహితుల మధ్య తెగ వినిపిస్తుంది. స్పెయిన్‌లో మంత్రులు పదవి చేపట్టేటప్పుడు హూరో అనాలో ప్రొమేతో అనాలో వాళ్లే ఎంచుకుంటారు, మొదటిది దేవుడి సాక్షిగా చేసే ప్రమాణం, రెండోది మతంతో పని లేనిది. 2018లో ప్రధాని పదవి చేపడుతూ పెద్రో సాంచెస్ బైబిల్, శిలువ లేకుండా ప్రొమేతో అన్నారు. ఆఫీసు మెయిల్‌లో అయితే కొంప్రొమెతెర్సె ఆ (బాధ్యత తీసుకుని మాటివ్వడం) నయం, దీనికి మాత్రం "ఆ" అనే పదం తప్పనిసరి: మె కొంప్రొమేతో ఆ తెర్మినార్లో, అంటే దాన్ని పూర్తి చేస్తానని మాటిస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఇది సరేనా? ఎయా మె ప్రొమెతియో కె మె యామారీయా, పెరో నో కుంప్లియో. (ఫోన్ చేస్తానని ఆమె నాకు మాటిచ్చింది, కానీ నిలబెట్టుకోలేదు.)

జవాబు 1:
సరిగ్గా ఉందండి. చివర సు ప్రొమేసా (తన మాట) చేర్చినా బాగుంటుంది.