ఇయోనియం సన్‌బర్స్ట్ (పసుపు చారల దళసరి ఆకుల మొక్క) మొగ్గలా ముడుచుకుంది, నీళ్లు చాలట్లేదా?

విశాఖ ఎంవీపీ కాలనీ, మూడో అంతస్తు, పడమటి బాల్కనీ. కింది ఆకులు ఎండి రాలుతున్నాయి. రోజూ నీళ్లు పోయాలా అండీ?

జవాబు: అస్సలు వద్దండీ! దీని మూలం కానరీ దీవులు. చలికాలంలో పెరిగి ఎండాకాలంలో నిద్రపోతుంది, ముడుచుకోవడం అందుకే. ఇప్పుడు రోజూ పోస్తే విశాఖ ఉక్కపోతకు వేరు కుళ్లిపోతుంది. మట్టి అడుగుదాకా ఆరాక, అదీ సాయంత్రం, కుండీ అంచు వెంబడి కొద్దిగా పోయండి. ఆకుల మధ్య నీరు నిలవకూడదు.

జవాబు: ముందు పడమటి ఎండ తప్పించండి. ఆకుల పసుపు చారల్లో పత్రహరితం తక్కువ, అక్కడే మాడుతుంది. ఉదయపు ఎండ 2 గంటలు, తర్వాత 50 శాతం షేడ్‌నెట్. మట్టిలో సగానికి పైగా ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) గానీ ఇటుక ముక్కలు గానీ ఉండాలి. బీచ్ ఇసుక మాత్రం కలపకండి, ఉప్పు వేళ్లను చంపేస్తుంది.

జవాబు: పూర్తి పచ్చ కొమ్మ వస్తే వెంటనే కోసేయండి. అది త్వరగా పెరిగి రంగుల కొమ్మను అణిచేస్తుంది. కొత్త మొక్కల కోసం రంగుల కొమ్మ ముక్కలు నవంబరులో నాటండి.